గుడ్ల బండికి మూడంగుళాలు

జూన్ 3

అత్తా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు, నేను అరిస్తే మా వీధి మొత్తానికి వినపడుతుంది. ముప్ఫై ఏళ్లు లారీ కమాన్ పట్టీల మీద సమ్మెట దెబ్బలు విని విని నీ చెవులు పోయాయి సరే, మధ్యలో నా గొంతెందుకు పోవాలి? అందుకని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని తిట్టకు. బానెట్ మీద కాగితం పెట్టి రాస్తున్నాను.

విషయం ఈ బండి గురించే. వారానికి మూడుసార్లు గుట్ట అవతలి ఫారాల నుంచి పొదిగించే గుడ్లు తెచ్చి ఇక్కడ హేచరీలో దించడం నా పని, వాటిని మిషన్లలో పెట్టి పిల్లలు చేయించడం మా ఆవిడ, అదే నీ కోడలి పని. పదకొండేళ్లుగా ఆ మిషన్ల గది తాళాలు ఆవిడ కొంగుకే ఉన్నాయి. ఇంత బాగా జరుగుతుంటే ఎవరి కళ్లు పడ్డాయో, వాగు దగ్గర దారి కోసుకుపోయి రాళ్లు తేలాయి. ఎంత చూసి నడిపినా బండి పొట్ట గీసుకుంటోంది. పోయిన వారం ఆయిల్ చాంబరు పగిలి, ఆరువేల గుడ్లతో వాగు మధ్యలో నాలుగు గంటలు నిలబడ్డాను. ఎండ పడకుండా ట్రేల మీద నా చొక్కా కూడా విప్పి కప్పాను.

ఇక బండిని మూడంగుళాలు పైకి లేపక తప్పదు. ఇక్కడ బండ్లు ఎత్తు చేసే కిట్లు అమ్మే కొట్టాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి చవక. ఇరుసుకీ, దాని మీద స్ప్రింగులా బండిని మోసే కమాన్ కట్టకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి పొడుగు యూ బోల్టులతో బిగిస్తారు, కట్టలో ఒక మందపు పట్టీ అదనంగా దూరుస్తారు. పూటలో పని అయిపోతుంది. రెండోది నాలుగింతల ధర. పాత కమాన్లు తీసేసి కొత్త కట్టలు, వాటికి తగ్గ పొడుగు షాకబ్జర్లు, బుష్షులు, అన్నీ కొత్తవే. తెప్పించడానికే మూడు వారాలట. ఏది వేసినా లేచేది మూడంగుళాలే కదా! అలాంటప్పుడు నాలుగింతలు ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాలేదు.

నేను చవకదానికే సిద్ధమయ్యాను. నీ కోడలు మాత్రం "మీ అత్తయ్యనడక్కుండా బండి కింద ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు" అంది. అడిగాను కాబట్టి, సరేనని రెండు ముక్కలు రాసి పడెయ్యి.

నీ ఒక్కగానొక్క మేనల్లుడు

జూన్ 9

ఒరేయ్ పెద్దోడా,

రెండు ముక్కలు రాయమన్నావు. ఇవిగో. వద్దు. వద్దు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ, నీ సంగతి నాకు తెలుసు. ఎందుకు వద్దో చెప్పకపోతే 'అత్తకు ముసలితనం వచ్చింది' అనుకుని ఆ దిమ్మలే వేయిస్తావు.

ఎత్తు మూడంగుళాలే కదా అంటావు. స్టూలెక్కినవాడూ పొడుగే, పుట్టుకతో పొడుగైనవాడూ పొడుగే. ఇద్దర్నీ గుంతలోకి దూకమని చూడు. దిమ్మ వేస్తే బండి లేస్తుంది, నీ పాత షాకబ్జరు పొడుగు మాత్రం పెరగదు. అది అప్పటికే చివరిదాకా సాగి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగిన ప్రతిసారీ ఇక సాగలేక టక్కుమని కొడుతుంది. ఆ మందపు పట్టీ ఉందే, అది వంగదు. వంగనిది కమానెందుకవుతుంది, గడ్డపలుగు అవుతుంది గానీ! మీ మామయ్య ఉండగా ఒకాయన ఇలాగే దిమ్మలు వేయించుకుని వస్తే, వాటిని ఊడదీసి ఆయన కాళ్ల దగ్గరే పెట్టి, ఇంటికెళ్లి తలుపుకి అడ్డం పెట్టుకోమన్నారు.

నీకు సలహా ఇవ్వాలంటే నాకు కొలతలు కావాలి. అసలైతే బండి కింద పడుకుని చూడకుండా నేను ఏ బండి గురించీ నోరు విప్పను. డ్రైవర్లంతా కమాన్లత్త అని పిలిచేది ఊరికే కాదు. నువ్వు సొంతవాడివి కాబట్టి ఈ వెసులుబాటు. బండి ఖాళీగా ఉన్నప్పుడు, చదునైన చోట, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచుదాకా నాలుగు వైపులా కొలిచి పంపు. టేపుతో కొలువు, జానలతో కాదు.

కోడలు పిల్లకు నేను మెచ్చుకున్నానని చెప్పు. మీ ఇంట్లో బుర్ర ఉన్నది దానికొక్కదానికే.

అత్త

జూన్ 15

అత్తా,

నీ ఉత్తరం చదివి నీ కోడలు నవ్వు ఆపుకోలేక, "స్టూలెక్కినవాడు" అంటూ రెండు రోజులుగా నన్ను అదే పేరుతో పిలుస్తోంది. సంతోషమేనా?

కొలతలు ఈ కాగితం వెనక రాశాను. కొట్టాయనకు నీ మాటలు చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "మీ అత్తగారు లారీల కాలం మనిషండీ. ఇప్పుడు అందరూ ఇదే వేయించుకుంటున్నారు, ఎవరూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది చెప్పు? నేను మోసేది ఇసుకా, ఇనుమా? గుడ్లు. బండి నిండా వేసినా ఐదారుగురు మనుషులెక్కినంత బరువు. దానికి లారీ కమాన్ల శాస్త్రమంతా ఎందుకు?

ఇంకో సంగతి. మూడు వారాలు ఆగమంటావు, ఆ లోపల వాన పడితే వాగు సంగతి? ఫారంవాళ్లు నా కోసం కోళ్లను గుడ్లు పెట్టడం ఆపమని చెప్పలేరు కదా! ప్రతిదానికీ నువ్వు వద్దంటావు, నీ కోడలు నీ పక్కన చేరుతుంది. ఇంట్లో బండి నడిపేది నేనొక్కణ్ణి, దాని గురించి మాట్లాడే హక్కు మాత్రం నాకు తప్ప అందరికీ ఉంది.

మేనల్లుడు (స్టూలెక్కినవాడు)

జూన్ 20

ఒరేయ్,

నీ కొలతలు చూసి రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. వెనక ఎడమ చక్రం దగ్గర రెండంగుళాలు తక్కువ, ముందు కుడివైపు అంగుళం ఎక్కువ. ఇరుసు విరిగిందేమో, ఫ్రేము ఒంగిందేమో, ఈ వెధవ అలాగే నడుపుతున్నాడేమోనని గుండె పీచుపీచుమంది. మా షెడ్డులో సమ్మెట కొట్టే తాతకు చూపిస్తే ఆయన చల్లగా "లోడు దింపకుండా వాలులో పెట్టి కొలిచాడమ్మా" అన్నాడు. ఖాళీగా ఉన్నప్పుడని రాశానా లేదా? చదునైన చోటని రాశానా లేదా? ఉత్తరం చదివింది నువ్వా, నీ బానెట్టా?

గుడ్లు తేలికని బండికి మెత్తటి కమాన్లు వద్దంటున్నావు. ఇసుక అదిరితే ఇసుకే మిగులుతుంది. గుడ్డు అదిరితే? ఆపాటి ఆలోచన కూడా లేకపోతే ఎలా?

నీతో వాదించి నా నోరు అరిగిపోయింది. కొట్టాయన కిట్లు ఏవీ వద్దు. నేనే కట్టలు కొట్టిస్తున్నాను. నెలాఖరుకు బండి ఇక్కడికి తీసుకురా. రెండు రోజుల పని. ఆ రెండు రోజులు వేరే బండి మాట్లాడుకో. నా మాట కాదని ఆ దిమ్మలు వేయించావో, ఇక నా షెడ్డు గుమ్మం తొక్కకు. నేను చచ్చానని తెలిసినా రాకు.

అత్త

జూన్ 27

అత్తా,

నీ బెదిరింపు పనిచేసింది. ఇక కేకలు ఆపు.

మంచి కిట్టే వేయించాను. మొత్తం కొత్త కట్టలు, కొత్త షాకబ్జర్లు. ఎవరో ఆర్డరిచ్చి తీసుకోకుండా వదిలేసిన సెట్టు కొట్టాయన దగ్గర ఉందట, అది నా బండికి సరిపోయింది. రెండు రోజులు నీ దగ్గర కూర్చోవడానికి గుడ్లు ఆగవు కాబట్టి ఇక్కడే చేయించాను. ఏమీ అనుకోకు. నువ్వు కొట్టించిన కట్టలు వేరే ఎవరికైనా పనికొస్తాయిలే.

నిన్న వాగు దాటాను. పొట్టకు ఒక్క రాయి తగల్లేదు. ఆరువేల గుడ్లలో ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. నీ కోడలు ట్రేలు దించుకుంటూ, "ఇంత బుద్ధిమంతుడివి ఎప్పుడయ్యావు?" అంది. బండి ఎత్తయింది కదా, ట్రేలు అందుకోవడానికి పాపం మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తోంది.

కాబట్టి ఈ కమాన్ల పురాణం ఇక్కడితో సమాప్తం. ఇకనుంచి ఉత్తరాల్లో నీ మోకాళ్ల నొప్పుల గురించి రాయి.

మేనల్లుడు

జూలై 3

బంగారు కొండా,

ఒక్క ఉత్తరంతో నా కడుపు నింపావురా. నీకు బుద్ధి రావడం ఈ కళ్లతో చూస్తాననుకోలేదు. సమ్మెట తాతకు నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. కట్టలు కొట్టిన కూలి దండగని ఆయన సణిగాడు గానీ, దండగైతే అయింది, వాటికి నూనె రాసి మూల పెట్టించాను.

కొత్త కమాన్లు కాబట్టి నాలుగైదు ట్రిప్పులయ్యాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. మర్చిపోకు. కట్టలో పట్టీలు ఎన్నున్నాయి? బుష్షులు రబ్బరువా, వేరేవా? రాస్తే నాకు తృప్తి.

నా మోకాళ్ల గురించి అడిగావు. బండి కిందికి దూరేటప్పుడు బాగానే ఉంటాయి, బయటికి వచ్చేటప్పుడే మొరాయిస్తున్నాయి. తాత కాళ్లు పట్టుకుని లాగుతున్నాడు. అదో వేడుకలా చూడడానికి డ్రైవర్లు టీ గ్లాసులతో చుట్టూ చేరుతున్నారు. వీళ్లకి నవ్వులాటగా ఉంది.

కోడలు నిలబడడానికి ఓ చెక్క మెట్టు చేయించు. దాని మునివేళ్లు కూడా మునివేళ్లే.

మీ అత్త

జూలై 22

అత్తా,

ఒంట్లో క్షేమమే గానీ, ఇక్కడ పరిస్థితి బాగాలేదు.

గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. జూన్ చివర తెచ్చిన గుడ్ల నుంచి ఈ మధ్యే పిల్లలు దిగాయి. ఎప్పుడూ నూటికి ఎనభై నాలుగు పిల్లలు వచ్చేవి. మొదటి విడతలో అరవై ఆరొచ్చాయి. రెండో విడతలో అరవై మూడు. మూడోదానిలో అరవై ఒకటి. మిగతా గుడ్లు పైకి నున్నగా, ఒక్క చీలిక లేకుండా ఉన్నాయి. పగలగొట్టి చూస్తే లోపల పిల్ల సగంలో ఆగిపోయి ఉంటోంది.

హేచరీ ఓనరు గారు గింగిరాలు తిరుగుతున్నారు. "తెచ్చేవాడన్నా చెడగొడుతుండాలి, పొదిగేవాళ్లన్నా చెడగొడుతుండాలి. ఎవరో తేల్చండి" అంటున్నారు. గుడ్డులో వెడల్పు వైపు చిన్న గాలి అర ఉంటుందట, దారిలో గట్టిగా అదిరితే అది విడిపోయి, పైకి ఏమీ తెలియకుండానే గుడ్డు చెడుతుందట. ఇది నీ కోడలు చెప్పింది. ఇప్పుడు నా పక్కనే నిలబడి ఈ ఉత్తరం రాయిస్తోంది. కొత్త కమాన్లు వేసిన బండి అలా అదురుతుందా, అదరదా అని నిన్ను అడగమంటోంది. తనకు తెలిసిన మనుషుల్లో నువ్వొక్కదానివే మొహమాటం లేకుండా చెబుతావట.

తన మిషన్లను రోజుకు పదిసార్లు చూసుకుంటోంది. వేడి సరిగ్గానే ఉంది, తేమ సరిగ్గానే ఉంది. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

త్వరగా రాయమంటోంది. పోస్టులో తనే వేస్తుందట, కవరు కూడా తనే అంటిస్తానంటోంది.

మేనల్లుడు

జూలై 27

పెద్దోడికి, కోడలికి,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. అమ్మాయ్, అడగాల్సినవాళ్లను అడిగావు.

ముప్ఫై ఏళ్లుగా కమాన్ల పని చేస్తున్నదాన్ని చెబుతున్నాను. కొత్త కట్టలు, వాటి కొలతకు తగ్గ కొత్త షాకబ్జర్లు వేసిన బండి ఆ దారిలో గుడ్లను అదరగొట్టదు. పాత కమాన్లతో తెచ్చినప్పుడే ఎనభై నాలుగు వచ్చాయంటే, కొత్తవాటితో ఇంకా మెత్తగా రావాలి. లోపం బండిలో లేదు. హేచరీలోనే వెతుక్కోవాలి. మీ ఓనరు గారికి ఈ ముక్క నా మాటగా చూపించండి. నమ్మకపోతే నా షెడ్డుకొచ్చి అడగమనండి.

అమ్మాయ్, నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. మిషన్ తలుపు రబ్బరు వదులైందేమో, కరెంటు పోయి వస్తోందేమో, ఓసారి చూడు. ఇనుము గురించి చెప్పగలను గానీ నీ మిషన్ల గురించి నాకేం తెలుసు? కంగారు పడి తిండి మానెయ్యకు.

ఒరేయ్ పెద్దోడా, పట్టీలు ఎన్నో నువ్వింకా రాయలేదు.

మీ అత్త

ఆగస్టు 4

అత్తా,

ఈ ఉత్తరం షెడ్డులో ఎవరి ముందూ చదవకు. తాత ముందు కూడా.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ నీ కోడలి చేతికే ఇచ్చాడు. చదివింది. "మీ అత్తయ్య ఉన్నదున్నట్టు రాస్తుంది. ఇందులో నాకు మంచే రాసినా చెడే రాసినా, ఓనరు గారికి చూపించాల్సిందే" అంది. నేను ఆగమన్నాను. ఎందుకు ఆగాలో చెప్పమంది. చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున తనే తీసుకెళ్లి ఓనరు గారి బల్ల మీద పెట్టింది. ఆయన అందర్నీ పిలిచి పైకి చదివారట. మిషన్లు బాగానే ఉన్నాయని పోయిన నెలే రిపేరు మనిషి రాసిచ్చాడు, బండి బాగానే ఉందని నువ్వు రాసిచ్చావు. "ఇక మిగిలింది చేతులే కదమ్మా" అన్నారట. తాళాలు తీసేసుకున్నారు. నేను గుడ్లు దించి ఇంటికొచ్చేసరికి తను గుమ్మంలో కూర్చుని ఉంది. అప్పుడే నాకు తెలిసింది.

అత్తా, నేను వేయించింది దిమ్మలే.

మంచి కిట్టు అని నీకు అబద్ధం రాశాను, తనకూ అదే చెప్పాను. నీ తిట్లు పడలేక, వాదించి వాదించి విసుగొచ్చి, అయిపోయిందని రాసేస్తే గొడవ వదులుతుందనుకున్నాను. గుడ్లు పగల్లేదు కదా, ఇక ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నువ్వు చెప్పిన ఆ టక్కుమనే చప్పుడు మొదటి రోజు నుంచీ ప్రతి గుంతలో వినపడుతూనే ఉంది. రేడియో పెద్దది చేసుకుని నడిపాను.

నీ కోడలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని పాత వేడి లెక్కలు రాసుకున్న పుస్తకాలన్నీ ముందేసుకుని చూస్తోంది. పదకొండేళ్లవి. ఎక్కడ తప్పు చేశానో కనపడడం లేదంటోంది. నాకు నోరు రావడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

నీ మేనల్లుడు

ఆగస్టు 8

ఒరేయ్,

నీ పేరు పెట్టి పిలవడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

నన్నేదో ఒకటి చెయ్యమంటావా? చేశాను కదరా! నువ్వు రాసిన అబద్ధానికి ముప్ఫై ఏళ్ల నా మాటను పూచీ పెట్టి, ఆ పిల్ల చేతులే చెడ్డవని రాసిచ్చాను. ఇంకేం చెయ్యను?

కింద పడుకుని చూడని బండి గురించి నా జన్మలో మాట్లాడలేదు. లారీల ఓనర్లు బతిమాలినా మాట్లాడలేదు. మొదటిసారి మాట్లాడింది నీ కోసం, సొంతవాడివని. పట్టీలు ఎన్నని రెండుసార్లు అడిగాను, నువ్వు జవాబు రాయలేదు. అప్పుడే పట్టుకోవాల్సింది. నా కళ్లు మూసుకుపోయాయి. నా నోటికి భయపడి అబద్ధం ఆడానంటున్నావు. నా నోరు చెడ్డదే, ఒప్పుకుంటాను. ఆ తిట్లు తినేది నువ్వొక్కడివే అయ్యుండాల్సింది. ఆ పిల్లేం చేసింది?

గురువారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. కట్టలు, షాకబ్జర్లు బస్సు మీద వేయిస్తున్నాను, తాత కూడా వస్తున్నాడు. నేను దిగేలోపు నువ్వు నీ పెళ్లానికి చెప్పి ఉండాలి. ఆ తర్వాత ఓనరు దగ్గరికెళ్లి, తాళాలు తీసుకున్నప్పుడు ఎంతమంది ఉన్నారో అంతమంది ముందూ చెప్పి ఉండాలి. నేను వచ్చి చెబుతాలే అనుకున్నావో, కట్టలతో సహా అదే బస్సులో వెనక్కెళ్తాను.

ఓనరుకు నేను వేరే ఉత్తరం వేశాను. అందులో ఏముందో నీకూ తెలియాలి. ఇది దాని నకలు.

"అయ్యా, మీ హేచరీకి గుడ్లు తెచ్చే బండి బాగుందని జూలై 27న రాశాను. ఆ బండిని నేను చూడలేదు. చూడకుండా చూసినట్టు రాశాను. అది తప్పుడు రాత. దాన్ని నమ్మి మీరు ఒక మనిషి చేతి నుంచి తాళాలు తీసుకున్నారని తెలిసింది. తప్పు ఆమెది కాదు, బండిది, ఆ బండి గురించి నోటికొచ్చింది రాసిన నాది. గురువారం వచ్చి కింద పడుకుని చూస్తాను. చూసింది మాత్రమే రాసిస్తాను. ఈ ఉత్తరాన్ని కూడా అందరి ముందూ పైకి చదవమని వేడుకుంటున్నాను."

 నా షెడ్డులో నేను ఎవరికీ ఇలాంటి కాగితం రాయలేదు.

అత్త

సెప్టెంబర్ 14

అత్తా,

నువ్వు వెళ్లి నెల దాటింది. ఉత్తరం రాయడానికి మొహం చెల్లక ఆలస్యం చేశాను.

నువ్వు వేసిన కట్టలతో తెచ్చిన గుడ్ల నుంచి పిల్లలు దిగాయి. మొదటి విడతలో ఎనభై మూడు, రెండోదానిలో ఎనభై ఐదు. తాత కొట్టిన కమాన్ల మీద బండి పడవలా పోతోంది. ఆ దిమ్మల్ని నువ్వు ఊడదీసి నా కాళ్ల దగ్గర పెట్టినప్పుడు ఓనరు గారు కూడా చూశారు కదా, ఇప్పుడు ఎవరొచ్చినా ఆ కథే చెబుతున్నారు. నీ కోడలికి తాళాలు ఆ రోజు నీ ముందే ఇచ్చారు గానీ, తను వాటిని కొంగుకు కట్టుకోవడం మానేసింది. పని అయ్యాక మేకుకి తగిలించి వస్తోంది.

దిమ్మల సంగతి తనకీ, హేచరీలో అందరికీ చెప్పిన రోజు నుంచి తను నాతో నెల రోజులు మాట్లాడలేదు. వండి పెట్టేది, తను వేరే గదిలో తినేది. బండెక్కమంటే నడిచి వెళ్లేది.  

మొన్న ఎనభై ఐదు వచ్చిన రోజు మిషన్ల గదిలోంచి బయటికొచ్చి, తనే వచ్చి బండెక్కింది.  సగం దారిలో అంది. "దిమ్మలు వేయించావు, సరే. అబద్ధం ఆడావు, సరే. చాలా రోజులు కోపంగా ఉన్నాను. ఇప్పుడు ఒక్కటే అనుకుంటున్నాను. ఆ రోజు ఆ ఉత్తరం పైకి చదివినప్పుడు నువ్వు గుడ్ల కోసం వెళ్లి ఉన్నావు. గదిలోనే ఉండి ఉంటే అంతమంది ముందు నన్ను అలా నిలబడనిచ్చేవాడివి కాదు. నోరు విప్పేసేవాడివి. కదా?"

నేను ఊఁ అన్నాను.

తను నా భుజం మీద తల వాల్చింది అత్తా. ఇంటిదాకా అలాగే ఉంది.

నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ రోజు గుడ్లు తొందరగా దొరికి ముందే వచ్చాను. రెండు ట్రేలు చేతుల్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తనూ, మిగతావాళ్లూ ఓనరు గారి బల్ల వైపు తిరిగి ఉన్నారు, నా వైపు వీపు. ఆయన చదవడం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. "ఇక మిగిలింది చేతులే కదమ్మా" అన్నప్పుడు తను తన చేతులు చూసుకుంది. అదీ చూశాను. తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, బండెక్కి, వాగు దాకా వెళ్లి, గంట ఆగి, అప్పుడే వస్తున్నట్టు వచ్చాను. తను ఇంటి గుమ్మంలో కూర్చుని జరిగింది చెబుతుంటే, అప్పుడే వింటున్నట్టు విన్నాను.

నీకు కూడా అబద్ధమే రాశాను. ఈ ఒక్కటీ నీకైనా చెప్పకపోతే ఉండలేకపోతున్నాను.

మేనల్లుడు

సెప్టెంబర్ 19

పెద్దోడా,

నీ ఉత్తరం చదివాను. తిట్టాలని కూర్చున్నాను గానీ, ఈసారి నాకు తిట్లు దొరకలేదు.

నాకు చెప్పి నువ్వు బరువు దించుకున్నావు. నేనేం చేసుకోను దీన్ని? నన్ను ఎవరూ ఆ బల్ల ముందు నిలబెట్టలేదు, నా చేతులు ఎవరూ చూడలేదు. ఇది నాకు రాయాల్సిన ఉత్తరం కాదు. ఇలాంటిది నా దగ్గర ఉంచుకోను.

నీ కాగితాలు ఇందులోనే పెట్టి తిరిగి పంపుతున్నాను. పైన 'అత్తా' అని ఉన్నచోట కొట్టేశాను. అక్కడ నీ పెళ్లాం పేరు నువ్వే రాసి, తన చేతికివ్వు. తను చదివేటప్పుడు పక్కనే ఉండు. ఈసారి బండెక్కి వాగు దాకా పోకు.

అత్త